అబార్షన్ మీద మీ అభ్యర్థి ఎక్కడ నిలబడ్డారు? అమెరికాలో ఓటు వేసే ముందు తేల్చుకోవడం ఎలా

ఎన్నికలు దగ్గరపడగానే నాకు వచ్చే ప్రశ్నల్లో సగం ఇదే. "ఫలానా అభ్యర్థి అబార్షన్ గురించి చాలాసేపు మాట్లాడారు. అంతా విన్నాను. అనుకూలమో వ్యతిరేకమో మాత్రం అర్థం కాలేదు. ఎలా తెలుసుకోవాలి?" అడిగేవాళ్ళలో ఎక్కువమంది ఈమధ్యే పౌరసత్వం వచ్చి, మొదటిసారి ఓటు వేయబోతున్న తెలుగువాళ్ళు. దాని వెనకే మరో ప్రశ్న: "ఇది ఇంటి విషయం, డాక్టరు గదిలో తేలాల్సిన విషయం. రాజకీయ నాయకులు దీని మీద ఇంత గట్టిగా ఒకవైపు నిలబడాలా?"

రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. నిలబడాలి. మనం పెరిగిన చోట ఇది ఎన్నికల విషయం కాదు. భారతదేశంలో 1971లోనే చట్టం వచ్చింది, 2021లో సవరించారు, దాని పేరు చెప్పి ఓట్లు అడిగిన సభ నేనైతే చూడలేదు. అమెరికాలో 1973 జనవరి 22న వచ్చిన, అబార్షన్‌ను రాజ్యాంగ హక్కుగా గుర్తించిన రో వర్సెస్ వేడ్ తీర్పు 49 ఏళ్ళపాటు గోడలా ఉండేది. దాని చాటున నిలబడి అభ్యర్థి ఏం మాట్లాడినా, పూర్తి నిషేధం మాత్రం వచ్చేది కాదు. 2022 జూన్ 24న డాబ్స్ తీర్పుతో సుప్రీంకోర్టు ఆ గోడను తీసేసింది. ఇప్పుడు మీ రాష్ట్ర శాసనసభకు పోటీ చేస్తున్న, మీరు పేరు కూడా వినని మనిషి వేసే ఓటుతో చట్టం మారిపోవచ్చు. ఆ స్థానంలో కూర్చోవాలనుకునేవారు "ఇది చాలా సున్నితమైన విషయం" అని దాటేస్తే, నా దృష్టిలో అది ఓటరు దగ్గర దాపరికమే.

గట్టి వైఖరి అంటే నేననేది ఇంతే: ఏ బిల్లుకు ఓటు వేస్తారో, ఏ బిల్లు మీద సంతకం పెట్టరో, ఎన్ని వారాల దగ్గర గీత గీస్తారో ఎదురుగా నిలబడి చెప్పగలగడం. మీరు అబార్షన్‌కు అనుకూలమైనా వ్యతిరేకమైనా ఈ పద్ధతి ఒకేలా పనికొస్తుంది. ఎవరికి ఓటు వేయాలో నేను చెప్పను.

కావలసినవి

• మీ చిరునామాకు వర్తించే శాంపిల్ బ్యాలెట్. కౌంటీ ఎన్నికల కార్యాలయం వెబ్‌సైటులో దొరుకుతుంది. బ్యాలెట్‌పీడియాలోనూ, లీగ్ ఆఫ్ విమెన్ ఓటర్స్ నడిపే ఓట్411లోనూ చిరునామా ఇచ్చి చూడవచ్చు.

• మీ రాష్ట్రంలో ఇప్పుడు అమల్లో ఉన్న చట్టం ఒకటి రెండు వాక్యాల్లో: ఎన్ని వారాలు, ఏయే మినహాయింపులు.

• ఒక కాగితం. దాని మీద నాలుగు గళ్ళు గీయండి: పదవి, పాత ఓట్లు, ఇప్పటి మాట, నా ప్రశ్నకు వచ్చిన జవాబు.

• ముఖ్యమైన ఒక్కో పోటీకి గంట సమయం. బ్యాలెట్ మొత్తానికి ఇంత శ్రమ అక్కర్లేదు, ఎందుకో మొదటి మెట్టులో చూస్తారు.

హెచ్చరిక: గ్రీన్ కార్డు మీద గానీ హెచ్1బీ మీద గానీ ఉన్నవారు ఫెడరల్, రాష్ట్ర ఎన్నికల్లో ఓటు వేయకూడదు. డ్రైవింగ్ లైసెన్సు పనికి వెళ్ళినప్పుడు ఓటరు నమోదు గడిలో పొరపాటున టిక్ పెట్టినా తర్వాత ఇమిగ్రేషన్‌లో పెద్ద చిక్కే. హెచ్1బీ వాళ్ళు ప్రచారానికి విరాళం ఇవ్వడం కూడా చట్టవిరుద్ధం, గ్రీన్ కార్డు వాళ్ళు ఇవ్వవచ్చు. ప్రశ్న అడగడానికి మాత్రం ఏ కాగితమూ అడ్డు కాదు. వీసా మీద ఉన్నా సభకు వెళ్ళండి, అడగండి. ఈ చట్టాల కింద ఆసుపత్రికి వెళ్ళేది మీరూ, మీ ఇంటివాళ్ళే కదా.

1. ముందు పదవి చూడండి, మనిషిని తర్వాత

జరిగే తప్పుల్లో ఎక్కువ ఇక్కడే జరుగుతాయి. అధ్యక్ష అభ్యర్థి ఒక్కో మాటను పదిసార్లు విని, శాసనసభ అభ్యర్థి పేరు దగ్గరకు వచ్చేసరికి పార్టీ గుర్తు చూసి టిక్ పెట్టేస్తాం. అధికారం ఎక్కడుందో చూస్తే లెక్క తిరగబడుతుంది.

రాష్ట్ర శాసనసభ్యులు: ఎన్ని వారాలు, ఏ మినహాయింపులు, డాక్టరుకు ఏ శిక్ష అన్నది చట్టంగా రాసేది వీళ్ళే. మీ గంటలో ఎక్కువ భాగం వీళ్ళకే ఇవ్వండి.

గవర్నర్: వీటో చేయగలరు. వీటో నిలుస్తుందా అన్నది మళ్ళీ శాసనసభ లెక్క. నార్త్ కరోలినాలో 2023 మేలో 12 వారాల పరిమితి బిల్లును గవర్నర్ రాయ్ కూపర్ వీటో చేశారు. దాన్ని తోసిపుచ్చడానికి దిగువసభలో 72 ఓట్లు కావాలి. సరిగ్గా 72 పడ్డాయి, బిల్లు చట్టమైంది. ఆ 72లో ఒక ఓటు గురించి మూడో మెట్టులో చెబుతాను.

కాంగ్రెస్ సభ్యులు: దేశమంతటికీ వర్తించే నిషేధం గానీ రక్షణ గానీ తేవాలంటే సెనేట్‌లో చర్చ ముగించడానికే 60 ఓట్లు కావాలి. 2022 మేలో అబార్షన్ హక్కును ఫెడరల్ చట్టంగా చేసే బిల్లు 49-51తో అక్కడే ఆగిపోయింది. "నేను గెలిస్తే దేశమంతటా చట్టం తెస్తాను" అనే అభ్యర్థిని, ఏ పార్టీ వారైనా, 60 ఓట్లు ఎక్కడి నుంచి తెస్తారని అడగండి. ఆ నిబంధననే తీసేస్తామంటే, అది కూడా ఒక జవాబే. కాగితం మీద రాసుకోండి.

అధ్యక్షుడు: సుప్రీంకోర్టు న్యాయమూర్తులను ప్రతిపాదించేదీ, మందులకు అనుమతినిచ్చే ఎఫ్‌డీఏ అధిపతిని నియమించేదీ ఆయనే. అబార్షన్‌కు వాడే మిఫెప్రిస్టోన్ మాత్రకు 2000లో అనుమతి ఇచ్చింది ఎఫ్‌డీఏ. దాన్ని సవాలు చేసిన కేసును 2024 జూన్‌లో సుప్రీంకోర్టు, దావా వేసినవారికి ఆ అర్హత లేదన్న కారణంతో కొట్టేసింది. మాత్ర మంచిచెడ్డల జోలికి కోర్టు పోలేదు. అందుకే అధ్యక్ష అభ్యర్థిని వారాల గురించి అడిగే ముందు మాత్రల గురించి అడగండి.

అటార్నీ జనరల్, డిస్ట్రిక్ట్ అటార్నీ: చట్టాన్ని కోర్టులో సమర్థించేదీ, కేసులు పెట్టేదీ వీళ్ళు. "నేను గెలిస్తే ఈ కేసులు పెట్టను" అనే హామీని పూర్తిగా నమ్ముకోవద్దు. ఫ్లోరిడాలో అలాంటి ప్రకటన మీద సంతకం చేసిన ఆండ్రూ వారెన్ అనే ఎన్నికైన ప్రాసిక్యూటర్‌ను 2022 ఆగస్టులో గవర్నర్ సస్పెండ్ చేశారు. చెప్పిన కారణాల్లో ఆ సంతకం ఒకటి.

రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తులు: చాలా రాష్ట్రాల్లో వీళ్ళనూ ఓటర్లే ఎన్నుకుంటారు, మనవాళ్ళు చాలామంది ఈ గడి ఖాళీగా వదిలేస్తారు. అరిజోనాలో 1864 నాటి, అంటే అది రాష్ట్రం కాకముందటి, నిషేధ చట్టం చెల్లుతుందని 2024 ఏప్రిల్‌లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. మరుసటి నెలలోనే శాసనసభ దాన్ని రద్దు చేయాల్సి వచ్చింది. విస్కాన్సిన్‌లో 1849 నాటి చట్టం చెల్లదని 2025 జులైలో 4-3 తేడాతో తీర్పు వచ్చింది. ఒక్క న్యాయమూర్తి అటుంటే తీర్పు అటే. ఈ అభ్యర్థులు ఫలానా కేసులో ఫలానా తీర్పు ఇస్తామని మాట ఇవ్వకూడదు. తమ అభిప్రాయం చెప్పకుండా అడ్డుకోరాదని మాత్రం సుప్రీంకోర్టు 2002లోనే తేల్చింది. కాబట్టి "నేను న్యాయమూర్తి అభ్యర్థిని, మాట్లాడకూడదు" అనే జవాబు సగమే నిజం.

స్కూలు బోర్డు, కౌంటీ గుమాస్తా వంటి పదవులకు ఈ విషయంతో పని లేదు. అక్కడ పోటీ చేస్తూ అబార్షన్ గురించే మాట్లాడేవారిని బడుల గురించి, దస్తావేజుల గురించి అడగండి.

2. మీ రాష్ట్రంలో ఇప్పుడు చట్టం ఎక్కడుందో రాసుకోండి

ఇది తెలియకుండా అభ్యర్థి మాట అర్థం కాదు. "నేను 15 వారాల పరిమితిని సమర్థిస్తాను" అన్న ఒకే వాక్యం టెక్సస్‌లో చట్టాన్ని సడలిస్తాననే మాట. అక్కడ ఇప్పుడున్నది దాదాపు పూర్తి నిషేధం. అదే వాక్యం వారాల పరిమితే లేని కొలరాడోలో చట్టాన్ని బిగిస్తాననే మాట.

వారాలు లెక్కపెట్టే పద్ధతి కూడా తెలుసుకోండి. గర్భం వయసును ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తారు. అంటే నెలసరి తప్పిన రోజుకే నాలుగు వారాలు నిండిపోతాయి. జార్జియాలో, 2024 మే 1 నుంచి ఫ్లోరిడాలో ఉన్న ఆరు వారాల పరిమితి అంటే నెలసరి తప్పాక మిగిలేది దాదాపు రెండు వారాలే. నెలసరి సక్రమంగా రాని స్త్రీకి అదీ ఉండదు. ఈ లెక్క చెప్పినప్పుడు అనుకూలురూ వ్యతిరేకులూ ఇద్దరూ ఆశ్చర్యపోవడం చూశాను.

మినహాయింపుల దగ్గర నాలుగు మాటలు వెతకండి: తల్లి ప్రాణం, తల్లి ఆరోగ్యం, అత్యాచారం, బిడ్డ బతకని లోపం. ప్రాణానికీ ఆరోగ్యానికీ చాలా దూరం ఉంది. టెక్సస్‌లో అత్యాచారానికి మినహాయింపు లేదు. జార్జియాలో ఉంది, కానీ పోలీసు ఫిర్యాదు ఉండాలి. "మినహాయింపులు ఉన్నాయి" అన్న మాట విని పుస్తకం మూసేయకండి.

3. మాటలు పక్కన పెట్టి పాత ఓట్లు తీయండి

అభ్యర్థి ఇప్పటికే ఏదైనా సభలో ఉంటే మీ పని సులువు. కాంగ్రెస్ సభ్యుల ఓట్లు కాంగ్రెస్ అధికారిక వెబ్‌సైటులో బిల్లు సంఖ్యతో దొరుకుతాయి. రాష్ట్ర సభల ఓట్లు ఆయా సభల వెబ్‌సైట్లలో ఉంటాయి. అవి గజిబిజిగా ఉంటే లెజిస్కాన్‌లో గానీ ఓట్ స్మార్ట్‌లో గానీ వెతకండి.

దీనికి దగ్గరదారి ఒకటుంది. రెండు వైపుల సంస్థలూ సభ్యులకు మార్కులు వేస్తాయి. ఒకవైపు సూసన్ బి. ఆంథోనీ ప్రో-లైఫ్ అమెరికా, ఇంకోవైపు ప్లాన్డ్ పేరెంట్‌హుడ్ యాక్షన్ ఫండ్ అలాంటివి. ఒకరు తలకెత్తుకుని ఇంకొకరు సున్నా వేస్తే ఆ మనిషి వైఖరి తేలిపోయినట్టే. ఇద్దరూ మధ్యస్థంగా వేసినా, ఒక ఏడాదికీ మరో ఏడాదికీ మార్కులు మారినా అక్కడ ఆగి ఒక్కో ఓటూ చూడండి. ఒకే సంస్థ కార్డు చూసి మాత్రం నిర్ణయించుకోవద్దు. ఏ ఓట్లను లెక్కలోకి తీసుకోవాలో ఎంచుకునేది వాళ్ళే.

చాలామంది బోల్తాపడే చోటు బడ్జెట్ బిల్లులు. ఫెడరల్ నిధులు అబార్షన్‌కు వాడకూడదనే హైడ్ సవరణ 1976 నుంచి ఏటా ఖర్చుల బిల్లులతో కలిసి వస్తోంది. ఆ బిల్లుకు అవునన్న ప్రతి సభ్యుడూ హైడ్‌ను సమర్థించినట్టు కాదు, ప్రభుత్వం మూతపడకుండా ఓటు వేసి ఉండవచ్చు. సవరణ మీద విడిగా జరిగిన ఓటింగ్ ఉంటే అది చూడండి. అలాగే "గైర్హాజరు" అన్న చోట వేలు పెట్టి ఆగండి. ఒకసారైతే జ్వరం అనుకోవచ్చు. ప్రతిసారీ ఇదే అంశం మీద గైర్హాజరైతే అది వైఖరే.

ఇప్పుడు నార్త్ కరోలినాలో ఆ ఓటు. ట్రిషా కోథమ్ 2022 నవంబరులో డెమొక్రాటిక్ అభ్యర్థిగా, అబార్షన్ హక్కులను సమర్థిస్తూ గెలిచారు. 2023 ఏప్రిల్‌లో రిపబ్లికన్ పార్టీలో చేరారు. మేలో వీటోను తోసిపుచ్చడానికి ఓటు వేశారు. మనసు మార్చుకునే హక్కు ఎవరికైనా ఉంది. జో బైడెన్ దశాబ్దాలపాటు హైడ్ సవరణను సమర్థించి, అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న 2019 జూన్‌లో వైఖరి మార్చుకున్నారు. తేడా ఎక్కడుందంటే ఒకరు ఓటు అడిగే ముందు మారారు, ఇంకొకరు ఓటు తీసుకున్నాక మారారు. అందుకే పాత ఓట్లు ఎంత బలమైన ఆధారమైనా, ఒక్క గడి చూసి కాగితం మడిచేయవద్దు.

4. వెబ్‌సైటు పాత రూపం చూడండి

ఐదు నిమిషాల పని. ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో అభ్యర్థి వెబ్‌సైటు చిరునామా ఇచ్చి, ప్రైమరీకి, అంటే పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికకు, ముందు తేదీ ఒకటి, తర్వాత తేదీ ఒకటి తెరవండి. ప్రైమరీలో సొంత పార్టీవాళ్ళను మెప్పించాలి, నవంబరులో అందరినీ. 2022 ఆగస్టులో, ప్రైమరీ గెలిచాక, అరిజోనా సెనేట్ అభ్యర్థి బ్లేక్ మాస్టర్స్ వెబ్‌సైటులో అబార్షన్ మీద ఉన్న కఠినమైన వాక్యాలు మాయమయ్యాయి. మీ అభ్యర్థిదీ అలా మారితే రెండు రూపాలనూ ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి, తర్వాతి మెట్టులో అవసరం.

5. ప్రశ్నను బిల్లులా అడగండి

అసలు పని ఇక్కడే ఉంది.

ఒక దీపావళి వేడుకకు మా ప్రాంతం నుంచి శాసనసభకు పోటీ చేస్తున్న అభ్యర్థి వచ్చారు. శాలువా కప్పారు, దీపం వెలిగించారు, పిల్లలతో ఫోటోలు దిగారు. వరుసలో నిలబడి నా వంతు వచ్చాక అడిగాను: "అబార్షన్ మీద మీ వైఖరి ఏమిటి?" ఆయన నా చేయి రెండు చేతులతో పట్టుకుని, కుటుంబం విలువ తెలిసిన సమాజం మీదని, తన అమ్మమ్మ కూడా ఇలాగే ఉండేవారని చెప్పారు. పక్కనున్న సహాయకురాలు నాకు ఒక కార్డు ఇచ్చింది. వరుస ముందుకు కదిలింది. కార్డు మీదున్న చిరునామాకు ఉత్తరం రాస్తే తొమ్మిది రోజులకు మూడు పేరాల జవాబు వచ్చింది. అందులో గౌరవం అన్న మాట నాలుగుసార్లు ఉంది, వారం అన్న మాట ఒక్కసారి కూడా లేదు.

మూడోసారి కార్యాలయానికి ఫోను చేసి, అప్పటికి సభలో ఉన్న ఒక బిల్లు సంఖ్య చెప్పి అడిగాను: "ఇది జనవరిలో మళ్ళీ వస్తే ఆయన అవునంటారా, కాదంటారా?" రెండు రోజుల్లో ఒకే వాక్యంలో జవాబు వచ్చింది. తప్పు మొదటి ప్రశ్నలోనే ఉంది, అది నాదే. "వైఖరి ఏమిటి" అని అడిగితే ఉపన్యాసం వస్తుంది.

కింది ప్రశ్నల్లో మీ అభ్యర్థి పదవికి తగినవి రెండు మూడు ఎంచుకోండి. అన్నీ అడిగితే సులువైనదానికే జవాబిస్తారు.

• ఇప్పుడున్న వారాల పరిమితిని పెంచే బిల్లు వస్తే ఎటు ఓటు వేస్తారు? తగ్గించే బిల్లు వస్తే?

• 20 వారాల దగ్గర జరిగే స్కాన్‌లో బిడ్డ పుట్టాక బతకదని తేలితే, మీరు కోరుకునే చట్టం ఆ తల్లికి ఏం చెబుతుంది?

• గర్భం నిలవదని డాక్టర్లకు తెలిసి, తల్లికి ఇంకా ప్రాణాపాయం రాకపోతే, వచ్చేదాకా ఆగాలా?

• చట్టం మీరితే శిక్ష ఎవరికి? డాక్టరుకా, మందు పంపినవారికా, స్త్రీకా?

• బిడ్డ గర్భం బయట బతకగలిగే దశ, సుమారు 24 వారాలు, దాటాక మీరు ఏదైనా పరిమితి ఉండాలంటారా? ఉంటే ఏది?

• ఓటర్లు బ్యాలెట్ మీద ఆమోదించిన రాష్ట్ర రాజ్యాంగ సవరణ మీకు నచ్చకపోతే, దాన్ని మార్చడానికి ఓటు వేస్తారా?

చివరి ప్రశ్న ఊరికే పెట్టలేదు. మిస్సోరీలో 2024 నవంబరులో అబార్షన్ హక్కు సవరణను ఓటర్లు గెలిపించారు. 2025లో శాసనసభ దాన్ని రద్దు చేసే కొత్త సవరణను మళ్ళీ బ్యాలెట్ మీద పెట్టాలని నిర్ణయించింది.

ఇక్కడ తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. మన భాషలో గర్భస్రావం అంటే కడుపు పోవడమూ అవుతుంది, తీయించుకోవడమూ అవుతుంది. ఇంట్లో "ఆమెకు అబార్షన్ అయింది" అంటే దానంతటదే పోయిందని అర్థం, "చేయించుకుంది" అంటే వేరు. పెద్దవాళ్ళతో ఈ విషయం మాట్లాడేటప్పుడు ముందు ఏది అంటున్నారో తేల్చుకోండి. నేను చూసిన సగం గొడవలు ఈ ఒక్క క్రియాపదం దగ్గరే మొదలయ్యాయి. వైద్యంలోనూ ఈ రెండూ అంత దూరమైనవి కావు: వాడే మందులు అవే, చేసే శస్త్రచికిత్స అదే.

నా స్నేహితురాలికి పదో వారం స్కాన్‌లో బిడ్డ గుండె ఆగిపోయిందని తెలిసింది. డాక్టరు మాత్రలు రాశారు. మందుల దుకాణంలో, ఇవి ఎందుకో డాక్టరు మళ్ళీ ఫోను చేసి చెబితే గానీ ఇవ్వమన్నారు. తెల్లటి ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు పెట్టుకుని, రెండు గంటలు కూర్చుంది. పక్క కుర్చీలో నేనున్నాను. కడుపు దానంతటదే పోయిన స్త్రీకి వైద్యం ఆలస్యం కాకుండా చట్టంలో ఏ వాక్యం ఉండాలంటారని అభ్యర్థిని అడగండి. రెండు వైపులా దీనికి సూటిగా జవాబు చెప్పేవారున్నారు. చెప్పలేనివారు చట్టం చదవలేదని అర్థం.

6. వచ్చిన జవాబును జల్లెడ పట్టండి

"వ్యక్తిగతంగా నేను వ్యతిరేకం, కానీ..." ఈ వాక్యాన్ని కొట్టిపారేయవద్దు, "కానీ" తర్వాత ఏముందో చూడండి. న్యూయార్క్ గవర్నర్‌గా ఉన్నప్పుడు మారియో కూమో 1984లో నోటర్ డామ్ విశ్వవిద్యాలయంలో, క్యాథలిక్‌గా తన మతం చెప్పినదాన్ని తాను పాటిస్తానని, చట్టంతో దాన్ని ఇతరుల మీద రుద్దనని గంటసేపు వాదించారు. ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా అది తేటతెల్లమైన వైఖరి. "కానీ" తర్వాత నిట్టూర్పు మాత్రమే వస్తే అది వైఖరి కాదు.

"రాష్ట్రాలకు వదిలేయాలి." కాంగ్రెస్ అభ్యర్థి ఈ మాటంటే రెండు ప్రశ్నలు అడగండి: దేశవ్యాప్త నిషేధానికి కాదంటారా? దేశవ్యాప్త రక్షణకూ కాదంటారా? రెండింటికీ కాదంటేనే మాట నిలబడినట్టు. రాష్ట్ర శాసనసభ అభ్యర్థి ఇదే మాటంటే అది జవాబే కాదు. రాష్ట్రం అంటే ఆయనే.

"నిషేధం కాదు, పరిమితి." "కనీస జాతీయ ప్రమాణం." ఎన్ని వారాలో అడగండి. అంకె వచ్చాక ఆ మాటను ఏ పేరుతో పిలుస్తారన్నది వాళ్ళిష్టం.

"ఇది స్త్రీకీ డాక్టరుకూ మధ్య విషయం." వినడానికి పూర్తి జవాబులా ఉంటుంది. 24 వారాల తర్వాత కూడా అంతేనా అని అడగండి. అవునంటే అదొక వైఖరి, కాదంటే ఇంకొకటి. అమెరికాలో జరిగే అబార్షన్లలో పదింట తొమ్మిదికి పైగా మొదటి 13 వారాల్లోనే జరుగుతాయి, 21 వారాలు దాటాక జరిగేవి నూటికి ఒకటి చొప్పున. "అవి చాలా తక్కువ కదా" అని దాటేయవచ్చు. తక్కువైనా, చట్టం వాటికీ ఏదో ఒకటి చెప్పాలి.

"రో తీర్పును తిరిగి తెస్తాం." ఏ బిల్లుతోనో అడగండి.

నిజంగా ఆలోచిస్తున్న అభ్యర్థి "ఈ ఒక్క మినహాయింపు మీద నేనింకా తేల్చుకోలేదు, మిగతావాటి మీద నా ఓటు ఇది" అనవచ్చు. దాన్ని నేను గట్టి జవాబుగానే లెక్కేస్తాను. తెలియని చోట తెలియదనడానికీ, అంతా తెలియదన్నట్టు నటించడానికీ తేడా ప్రశ్న అడిగినవారికి వెంటనే తెలిసిపోతుంది.

7. బ్యాలెట్ మీద సవరణ ఉంటే విడిగా చదవండి

అభ్యర్థులతో పాటు ఈ ప్రశ్నే నేరుగా బ్యాలెట్ మీద ఉండవచ్చు. ఇక్కడ ప్రమాదమంతా "అవును", "కాదు" దగ్గర. 2022 ఆగస్టులో కాన్సస్‌లో "అవును" అంటే రాష్ట్ర రాజ్యాంగంలోని రక్షణను తీసేయడం. 1968 నుంచి ప్రతి అధ్యక్ష ఎన్నికలో రిపబ్లికన్లనే గెలిపించిన ఆ రాష్ట్రంలో నూటికి 59 మంది "కాదు" అన్నారు. 2023 నవంబరులో ఒహాయోలో "అవును" అంటే రక్షణ చేర్చడం. అదే ఒహాయోలో మూడు నెలల ముందు, ఆగస్టులో, సవరణలకు 60 శాతం ఓట్లు కావాలనే ప్రతిపాదన వచ్చింది. అందులో అబార్షన్ అన్న మాటే లేదు, పోరాటమంతా దాని గురించే. 2024లో నెబ్రాస్కాలో రెండు పోటీ సవరణలు వచ్చాయి, రెండూ "రక్షణ" పేరుతోనే.

కాబట్టి పేరు చూడకండి, ప్రచార బోర్డు రంగు చూడకండి. "అవును అంటే జరిగేది ఇది" అని మీ సొంత మాటల్లో ఒక వాక్యం రాసుకుని, దాన్ని వెంట తీసుకెళ్ళండి. గెలవడానికి ఎంత శాతం కావాలో కూడా చూడండి. ఫ్లోరిడాలో 2024లో 57 శాతం వచ్చినా సవరణ ఓడిపోయింది, అక్కడ 60 కావాలి. నెవాడాలో పౌరులు తెచ్చిన రాజ్యాంగ సవరణ వరుసగా రెండు ఎన్నికల్లో గెలవాలి. అందుకే 2024లో గెలిచినది 2026లో మళ్ళీ ఓటుకు రావాల్సి ఉంటుంది.

తరచుగా జరిగే తప్పులు

పార్టీ గుర్తుతో సరిపెట్టుకోవడం. చాలాచోట్ల లెక్క సరిపోతుంది, సరిపోని చోట దెబ్బ గట్టిగా తగులుతుంది. కోథమ్ సంగతి చూశారు కదా.

వాట్సాప్‌లో వచ్చిన పదిహేను సెకన్ల వీడియో నమ్మడం. పూర్తి చర్చ వీడియో తీసి, ఆ ముక్కకు ముందు రెండు నిమిషాలు, తర్వాత రెండు నిమిషాలు చూడండి. అది దొరకకపోతే ఆ ముక్కను కాగితం మీదకు ఎక్కించవద్దు.

ప్రత్యర్థి ప్రకటనలో చెప్పిన వైఖరిని అభ్యర్థి వైఖరిగా రాసుకోవడం. ఆ ప్రకటన కింద చిన్న అక్షరాల్లో బిల్లు సంఖ్య ఉంటుంది. అది పట్టుకుని అసలు బిల్లు చదవండి. నాకు చాలాసార్లు ప్రకటనలే దారి చూపించాయి.

మతాన్ని బట్టి, వంశాన్ని బట్టి ఊహించడం. భారతీయ మూలాలున్న అభ్యర్థి కాబట్టి మనలాగే ఆలోచిస్తారనుకునేవాళ్ళు చాలామంది. ముందు ఆ "మనలాగే" అన్నది మీ భోజనాల బల్ల దగ్గరైనా ఒకటేనేమో అడిగి చూడండి.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

కాగితం తీసి ప్రతి అభ్యర్థికి ఈ వాక్యం పూర్తి చేయండి: "ఈయన గెలిస్తే, ఈ పదవిలో, ఈ బిల్లు వచ్చినప్పుడు, ఇలా చేస్తారు. నాకెలా తెలుసంటే..." ఆ చివరి భాగంలో తేదీ ఉన్న ఓటు గానీ, రాతపూర్వక జవాబు గానీ, పూర్తి వీడియోలో నిమిషం గానీ ఉండాలి. "అనిపించింది" అని రాయాల్సి వస్తే ఐదో మెట్టుకు తిరిగి వెళ్ళండి.

తర్వాత ఆ కాగితాన్ని మీతో ఏకీభవించని ఒకరికి చూపించండి. మా ఇంట్లో ఆ పని మా వదినది. ఆమెకూ నాకూ ఈ విషయంలో ఎన్నడూ కుదరలేదు. కానీ అభ్యర్థి ఏం చేస్తారన్న దాని మీద ఇద్దరం ఒకే వాక్యం రాయగలిగితే మా పని సరిగ్గా జరిగినట్టే. ఆ అభ్యర్థి మంచివాడా చెడ్డవాడా అన్నది ఆ తర్వాత వాదించుకుంటాం.

రెండుసార్లు అడిగినా జవాబు రాకపోతే ఆ గడిలో "చెప్పలేదు" అని తేదీ వేసి రాయండి. ఖాళీగా వదలకండి. ఎన్నికయ్యాక కాగితం పారేయకుండా ఫ్రిజ్ తలుపు మీద పెట్టండి. చాలా రాష్ట్రాల్లో సభ జనవరిలో మొదలవుతుంది. మీరు రాసుకున్న బిల్లు సంఖ్య మారి ఉంటుంది, కొత్త సంఖ్య వెతికి, ఓటింగ్ జరిగిన రోజు పాత వాక్యం పక్కనే కొత్త ఓటు రాయండి. రెండూ సరిపోలకపోతే కార్యాలయం ఫోను నంబరు మీ దగ్గర ఉండనే ఉంది.